కరెంటొస్తే తెలుస్తుంది

చౌడయ్య ఏ సరుకునైనా మూడుసార్లు చూస్తాడు. మొదటిసారి అమ్మేవాడు చూపించింది చూస్తాడు. రెండోసారి అమ్మేవాడు చూపించనిది చూస్తాడు. మూడోసారి దాన్ని తానే అమ్మాల్సి వస్తే ఎక్కడ చెయ్యి అడ్డం పెట్టి దాచాలో చూస్తాడు. వన్‌టౌన్‌లో ఇరవై రెండేళ్ళు చీరలూ పంచెలూ అమ్మి నేర్చుకున్న విద్య అది. ఆ గురువారం మధ్యాహ్నం ఆటోనగర్‌లో, రామకోటేశ్వరరావు పాత మిషన్ల షెడ్డులో, చేత్తో పట్టుకునే ఆ మిషన్‌నీ అలాగే చూశాడు.

"దీని అసలు పేరు పలకడం నాకు రాదు చౌడయ్యగారూ. మేం బిస్కట్ మిషన్ అంటున్నాం" అన్నాడు రామకోటేశ్వరరావు. ఏదో ఫ్యాక్టరీ కట్టించడానికి వచ్చిన తెల్ల ఇంజనీరు తిరిగి వెళ్ళిపోతూ ఇంటి సామానంతా అతనికి అప్పజెప్పి వెళ్ళాడట. "రెండు పలకల అంచుల్లో అర్ధచంద్రంలాగా గాడి కోస్తుంది. గాడిలో జిగురు పోసి ఈ చెక్క బిస్కట్టు పెడతారు. జిగురు తడికి బిస్కట్టు ఉబ్బి రెండు పలకల్నీ పట్టేసుకుంటుంది. మేకుతో పనిలేదు."

మేకుతో పనిలేదన్న మాట దగ్గరే చౌడయ్య మనసు మొగ్గింది. కొట్టులో గుడ్డ పరిచి కోసే బల్ల పాతదైపోయింది. పలకలు ఎండకు ముడుచుకున్నప్పుడల్లా ఏదో ఒక మేకు తల పైకి లేస్తోంది. నూరో నెంబరు సన్న నూలుకి మేకు తల తగిలితే దారం లేచిపోతుంది. దారం లేచిన చీర మూడోసారి చూపుకి నిలబడదు. చెక్క గూటాలు పెట్టిద్దామంటే రెండు పలకల్లో చిల్లులు ఎదురెదురుగా పడాలి, ఒక్కటి తప్పినా బల్ల మిట్టపల్లాలవుతుంది. ఈ బిస్కట్టు అలా కాదు. గాడిలో ఇటూ అటూ కాస్త జరుగుతుంది, సరిచేసుకోవచ్చు.

మిషన్ ఆడించమన్నాడు. చెయ్యి పెట్టి వేడి చూశాడు. మోటారు ముక్కు దగ్గర పెట్టుకుని కాలిన వాసనేమైనా ఉందేమోనని వాసన చూశాడు. స్విచ్చు మీద మీట ఉంది. బొటనవేలితో ముందుకు తోస్తే అక్కడే పట్టుకుని ఉండిపోతుంది, వెనక్కి లాగితే ఆగుతుంది. దానితో ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. తెలియని భాష, అన్నీ బొమ్మలు. మొదటి బొమ్మలో ఒక చెయ్యి గోడలోంచి ప్లగ్గు లాగుతోంది, కింద ఎర్రగా దళసరి గీత.

"ఇదేంటండీ?"

"చెయ్యి పెట్టేముందు ప్లగ్గు పీకమని. వాళ్ళ దేశంలో ప్రతిదానికీ భయమేనండీ" అని నవ్వాడు రామకోటేశ్వరరావు.

చౌడయ్య కూడా నవ్వాడు.

శుక్రవారం కొట్టుకి సెలవు. భవానీపురంలో ఇంటి వెనక రేకుల షెడ్డులో, నాలుగు టేకు పలకలు బల్లల మీద పరిచి ఉన్నాయి. తొమ్మిదింటికే ఇశ్రాయేలు వచ్చాడు. చౌడయ్య ఇంట్లో తలుపులూ, మంచాలూ, కొట్టులో బీరువాలూ అన్నీ ఆ వడ్రంగి చేతివే. సంచి దించి, చొక్కా విప్పి వంకీకి తగిలించి, మిషన్‌ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"బిస్కట్టంటే టీలో ముంచుకునేదనుకున్నానండీ షావుకారుగారూ."

"ముంచు. ఉబ్బుతుంది."

"ఉబ్బింది మింగితే నా పొట్ట పలకలు కూడా అతుక్కుంటాయి" అన్నాడు ఇశ్రాయేలు. లోపల్నించి మజ్జిగ తెస్తున్న చౌడయ్య భార్య హనుమాయమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. బిస్కట్లకు చెమ్మ తగలకూడదని చౌడయ్య చెప్పినందుకు ఆవిడ వాటిని బియ్యం డబ్బాలో పాతి పెట్టింది. గుప్పెడు తీసి మజ్జిగ పక్కనే పెట్టింది. కోలగా, పల్చగా, గుమ్మడి గింజల్లాగా ఉన్నాయి.

పని మొదలైంది. ఇశ్రాయేలు రెండు పలకలు పక్కపక్కన పెట్టి, రెండింటి మీదుగా పెన్సిలుతో అడ్డగీతలు గీశాడు. మిషన్ మీద ఉన్న గీత పెన్సిలు గీతకు ఆన్చి, మీట తోసి, రెండు చేతులతో నెట్టాడు. ముందున్న బిళ్ళ స్ప్రింగు మీద వెనక్కి జరిగింది. దాని నోట్లోంచి చిన్న రంపం బయటికొచ్చి పలకను కొరికి వెనక్కి పోయింది. టేకు పొట్టు అతని మోకాళ్ళ మీద చిమ్మింది. వెంటనే బొటనవేలు మీటను వెనక్కి లాగింది. దానితోపాటే ఇశ్రాయేలు నాలుకతో 'టక్' మన్నాడు.

చౌడయ్య లెక్కపెట్టాడు. అతనికది అలవాటు. ముప్పై గాడులు, ముప్పైసార్లు బొటనవేలు వెనక్కి, ముప్పైసార్లు టక్. మధ్యలో తానూ రెండు గాడులు కోశాడు.

సాయంత్రం నాలుగింటికి మూడో పలక అతకడానికి ఇంకో గాడి కోస్తుండగా మిషన్ మూలిగి ఆగిపోయింది. ఇంట్లో రేడియో కూడా ఆగింది.

"కరెంటు తీసేశాడు" అన్నాడు చౌడయ్య.

ఇశ్రాయేలు బొటనవేలు మీటను వెనక్కి లాగింది. టక్. మిషన్‌ను పలక మీద పక్కకు వాల్చి పెట్టాడు. చేతుల నిండా జిగురు. "కడుక్కొస్తానండీ" అని పంపు దగ్గరికి వెళ్ళాడు.

షెడ్డులో దీపం లేదు. చౌడయ్య ఇంట్లో కరెంటు తీసినప్పుడు ఎవరూ ఏ స్విచ్చూ ఆపరు. ముందుగదిలో బల్బు వేసే ఉంచాలి, పంకా వేసే ఉంచాలి. కరెంటొస్తే తెలుస్తుంది. ఆ మాట రోజుకొకసారైనా అతనే అంటాడు. ఇప్పుడు షెడ్డులో తెలియడానికి ఏమీ లేదు. మిషన్‌ను దగ్గరికి లాక్కుని, మీట ముందుకు తోసి, మళ్ళీ ఎలా ఉందో అలాగే వాల్చి పెట్టాడు. అందులో ఆలోచించాల్సిందేమీ కనపడలేదు. బల్బు స్విచ్చు వేసినట్టే వేశాడు.

"ఏవండీ, ఒకసారి ఇటు రండి. ఈ డబ్బా మూత రావడం లేదు" అని వంటింట్లోంచి హనుమాయమ్మ పిలిచింది. వెళ్ళాడు.

మూత తిప్పుతుండగా షెడ్డులో మిషన్ గుర్రుమంది. 'వచ్చింది' అనుకున్నాడు చౌడయ్య. ఆ అర క్షణం అతనికి సంతోషమే కలిగింది. ఆ తర్వాత కేక వినపడింది.

పెద్దాసుపత్రిలో ఇశ్రాయేలు ఎడమచేతి చూపుడువేలూ మధ్యవేలూ రెండో కణుపు దాకా తీసేశారు. బయట గోడకు ఆనుకుని నిలబడ్డ చౌడయ్య చొక్కా మీది రక్తం ఎండి అట్ట కట్టింది. తానే తువ్వాలు చుట్టి, తానే రిక్షాలో ఒళ్ళో పడుకోబెట్టుకుని తెచ్చాడు. అందరూ అతన్ని మంచివాడి కింద చూస్తున్నారు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

కట్టు కట్టాక ఆసుపత్రి గుమాస్తా కాగితం తీసుకుని వచ్చాడు. "ఎట్టా జరిగింది?"

చౌడయ్య కాగితం వైపు చూశాడు. ఒకవేళ అడిగితే ఏం చెప్పాలో రిక్షాలోనే మూడు రకాలుగా అనుకున్నాడు. ఒక్కటీ బయటికి రాలేదు.

మంచం మీంచి ఇశ్రాయేలు అన్నాడు. "పొట్టు ఇరుక్కుంటే బిళ్ళ వెనక్కి నొక్కి తీస్తన్నానండీ. కరెంటు లేదప్పుడు. ఆపాననుకున్నా. ఆపలేదు."

"స్విచ్చు నువ్వే మరిచిపోయావన్నమాట."

"అంతేగదండీ మరి. నేనే."

గుమాస్తా రాసుకుని, చౌడయ్య వైపు తిరిగాడు. "అంతేనాండీ?"

చౌడయ్య తల ఊపాడు. నోటితో ఏమీ అనలేదు. అనకపోతే అది అబద్ధం కింద రాదని అప్పటికప్పుడు లెక్క తేల్చుకున్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ ఇశ్రాయేలు భార్య అమలమ్మ అతని చొక్కా మీది రక్తం చూసి చేతులు జోడించింది.

"మీరుండబట్టి సరిపోయిందండీ."

శనివారం కొట్టు తెరిచాడు. ఒక గిరాకీకి గజం బట్ట ఎక్కువ కోశాడు. మధ్యాహ్నం కరెంటు పోయింది. గిరాకీలు విసనకర్రలు అందుకుంటుంటే చౌడయ్య లేచి వెళ్ళి పంకా స్విచ్చులు నాలుగూ ఆపాడు, దీపాలు ఆపాడు, మీటరు దగ్గర పెద్ద స్విచ్చు కూడా ఆపాడు. గంట తర్వాత పక్కకొట్లో రేడియో మోగితే తప్ప కరెంటొచ్చిందని ఎవరికీ తెలియలేదు. ఆ రేడియో చప్పుడుకే అతని చేతిలోని కత్తెర కింద పడింది.

ఖాకీ చొక్కా ఎవరు కొట్టు ముందు ఆగినా పోలీసేమోనని బీరువా వెనక్కి తప్పుకునేవాడు. ఒకసారి కరెంటాఫీసు మనిషి, ఒకసారి పోస్టుమాన్. పంపు దగ్గర్నించి షెడ్డు కనపడుతుందా? తానే వెళ్ళి పంపు దగ్గర వంగి చేతులు కడుక్కుని తల తిప్పి చూశాడు. పలకల చివర్లు కనపడ్డాయి, మిషన్ ఉన్నచోటు కనపడలేదు. రెండోసారి చూశాడు. మూడోసారి చూశాడు. కనపడదు. ఎవరూ చూడలేదు. ఊపిరి తేలిగ్గా రావాలి. రాలేదు.

షెడ్డులో ప్లగ్గు ఆ రోజు అతనే పీకాడు, అలాగే ఉంది. పుస్తకంలో మొదటి బొమ్మ ఉన్న కాగితం చింపి జేబులో పెట్టుకున్నాడు. పారేద్దామనుకున్నాడు, పారెయ్యలేదు.

సోమవారం సాయంత్రం ఇంట్లో కరెంటు పోయింది. చౌడయ్య ముందుగది బల్బు స్విచ్చు ఆపాడు, వంటింటిది ఆపాడు, వరండాది ఆపాడు. లాంతరు తుడుస్తున్న హనుమాయమ్మ చెయ్యి ఆగింది.

"ఇదేంటండీ కొత్తగా?"

"ఏం?"

"వేసి ఉంచండే, కరెంటొస్తే తెలుస్తుంది అని మీరేగా అందరి మీదా..." అంటూనే మధ్యలో ఆగిపోయింది. లాంతరు గాజు కింద పెట్టింది. మొగుడి ముఖంలోకి చూసింది. తర్వాత వరండాలోంచి షెడ్డు వైపు చూసింది. మళ్ళీ మొగుడి ముఖంలోకి చూసింది.

"ఆ రోజు నేను పిలిస్తే మీరు షెడ్డులోంచే వచ్చారు" అంది నెమ్మదిగా.

చౌడయ్య చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చాక ఆవిడ అన్నం పెట్టింది, మంచినీళ్ళు పెట్టింది. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. ఆవిడ అరిచి ఉంటే బాగుండేది. అరిస్తే అతనూ అరిచేవాడు, అరుపుల్లో ఎక్కడో ఒకచోట నెగ్గేవాడు.

బుధవారం ఇశ్రాయేలు ఇంటికి వెళితే తాళం వేసి ఉంది. పామర్రులో అమలమ్మ అన్న దగ్గరికి వెళ్ళారని పక్కింటి ఆదెమ్మ చెప్పింది. "సామానంతా అమ్మేస్తాడంటండీ. ఇక పని చెయ్యడంట."

"ఏం, రెండు వేళ్ళేగా? నెలలో మానతాయని డాక్టరు చెప్పాడే."

"ఏమోనండీ. ఆయన మనిషిలా లేడు."

గురువారం పొద్దున చౌడయ్య ఒక పంచెల చాపూ, డజను బత్తాయిలూ సంచిలో పెట్టుకుని మచిలీపట్నం బస్సెక్కాడు. అన్నీ లెక్క చూసుకునే బయలుదేరాడు. ఇశ్రాయేలుకి ఏదో అనుమానం వచ్చి ఉంటుంది, అందుకే ఊరు మారాడు. ఎంతవరకు తెలిసిందో కనుక్కోవాలి. తెలియకపోతే కొట్టులో గుడ్డలు మడతపెట్టే పని ఇస్తానని చెప్పాలి. తెలిస్తే... ఆ పక్క లెక్క తేలలేదు. రోడ్డు పక్క కాలవ వెంటే వచ్చింది. అటు కోసిన వరి చేలలో మోళ్ళు, మోళ్ళ మధ్య మినుము పచ్చగా మొలిచి ఉంది. ఎవరి పాటికి వాళ్ళు పనుల్లో ఉన్నారు. బస్సు పామర్రులో ఆగినప్పుడు దిగాలో వద్దో అతనికి తెలియలేదు. కండక్టరు తిట్టాక దిగాడు.

అమలమ్మ అన్న జాన్‌బాబు ఇల్లు చర్చి వెనక సందులో ఉంది. పెంకుటిల్లు, ముందు తాటాకు పంచ. పంచలో ఇశ్రాయేలు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. అతని ముందు వడ్రంగం సంచి విప్పి ఉంది. ఉలులు వరసగా, చిత్రికలు, బాడిస, మూలమట్టం. సొలొమోను అనే నడివయసు వడ్రంగి మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క ఉలినీ గోటి మీద పెట్టి పదును చూస్తున్నాడు.

"రండి షావుకారుగారూ" అని ఇశ్రాయేలు లేవబోయాడు. గడ్డం పెరిగింది. కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. "అమలా, షావుకారుగారికి కుర్చీ."

అమలమ్మ కుర్చీ వేసి, బత్తాయిల సంచి అందుకుని, కళ్ళకు అద్దుకున్నంత పని చేసింది. "ఇంత దూరం వచ్చారా అండీ మా కోసం."

వాళ్ళకేమీ తెలియదు. ఆ ఒక్క చూపులోనే చౌడయ్యకు అర్థమైపోయింది. ఆరు రోజులుగా భుజాల మీదున్న బరువు జారినట్టయింది. కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇదేంటి ఇశ్రాయేలూ, సామానెందుకు అమ్ముతున్నావు? మానతాయిగా."

"మానతాయండీ. మా నాన్నకీ బొటనవేలు సగమే, చచ్చేదాకా పని చేశాడు. వేళ్ళ గురించి కాదు." ఇశ్రాయేలు కుడిచెయ్యి పైకెత్తాడు. దాన్ని ఎవరిదో చెయ్యి చూసినట్టు చూశాడు. "ఈ చేతికి ఆపినట్టు గుర్తుందండీ. మీట వెనక్కి లాగింది గుర్తుంది, వేలికి తగిలింది గుర్తుంది. కానీ మిషను ఆపలేదంది. మిషను అబద్ధం చెప్పదుగా. మరి ఈ చెయ్యి చెప్పింది నేనెట్టా నమ్మను? ముప్పై ఏళ్ళ నించీ ఏ పని చేసినా దీన్ని నమ్మే చేశాను. రేపు రంపం అవతల కొస ఇంకొకడు పట్టుకుని ఉంటాడు. ఈ చెయ్యి ఆగానంటది, ఆగదు. వాడి చెయ్యి పోతే?"

"అదే చెప్తన్నాడండీ ఆరు రోజుల్నించి" అంది అమలమ్మ. "నిద్ర లేదు. కళ్ళు మూస్తే ఇట్టా..." అని తన బొటనవేలు వెనక్కి లాగి చూపించింది.

చౌడయ్య అప్పుడు చూశాడు. మంచం మీద ఆనిన ఇశ్రాయేలు కుడిచేతి బొటనవేలు కదులుతోంది. లేని మీటను వెనక్కి లాగుతోంది. లాగి, ఆగి, మళ్ళీ లాగుతోంది. నాలుక మాత్రం టక్ మనడం లేదు.

"జాన్‌బాబు రైసుమిల్లులో గేటు దగ్గర కూర్చోమంటన్నాడు. అక్కడ నా చేత్తో పనేం లేదు" అన్నాడు ఇశ్రాయేలు. "సొలొమోనూ, మూలమట్టం కూడా తీసుకో. అది మా నాన్నది."

సొలొమోను ఉలులు సంచిలో సర్దడం మొదలుపెట్టాడు.

ఇక చౌడయ్య చెయ్యాల్సిందేమీ లేదు. మంచినీళ్ళు తాగి, నాలుగింటి బస్సెక్కితే సరి. చూసినవాళ్ళు లేరు, అడిగేవాళ్ళు లేరు. సంచిలో ఒక ఉలి పడింది. ఇంకో ఉలి పడింది. ప్రతి ఉలికీ కరెంటొచ్చిన చప్పుడుకి అదిరినట్టే అదిరాడు. ఇంతవరకూ తెలిసిపోతుందని భయపడ్డాడు. ఇప్పుడు తెలియకుండా పోతుందేమోనన్న భయం పట్టుకుంది. ఇది ఆ భయం కన్నా పెద్దది. ఆ వేలు అలా లాగుతూనే ఉంటుంది. రైసుమిల్లు గేటు దగ్గర లాగుతుంది. ముసలితనంలో లాగుతుంది.

"ఆపావు" అన్నాడు చౌడయ్య.

ఎవరికీ వినపడలేదు. గొంతు సరిచేసుకున్నాడు.

"నువ్వు ఆపావు ఇశ్రాయేలూ. ఆపి, పంపు దగ్గరికెళ్ళావు. నేనే మళ్ళీ వేశాను."

సొలొమోను చేతిలో చిత్రిక అలాగే ఉండిపోయింది.

"మీరా?" అన్నాడు ఇశ్రాయేలు. "ఎందుకండీ?"

"కరెంటొస్తే తెలుస్తుందని."

చౌడయ్య కళ్ళు ఉలుల సంచి మీదికి పోయాయి. తిడతాడనుకున్నాడు, ఉన్న చేత్తో కొడతాడనుకున్నాడు. ఏ మూల నుంచైనా చేతికందిన ఉలి లేస్తుందనుకున్నాడు. ఇశ్రాయేలు ముందుకు వంగాడు.

"ఇంకోసారి చెప్పండి."

"నువ్వు ఆపావు. నేను చూశాను. నేను వేశాను."

"అమలా!" పక్కనే ఉన్న మనిషిని దూరంలో ఉన్నట్టు పిలిచాడు. "విన్నావా? ఆపానంట. సొలొమోనూ, విన్నావా? నేను ఆపానంటయ్యా!" అతని గొంతు పగిలింది. నవ్వో ఏడుపో తెలియలేదు. "జాన్‌బాబును పిలవండి. ఇంకోసారి చెప్పండి షావుకారుగారూ, వాడూ వినాలి."

జాన్‌బాబు వచ్చాడు. అతనితోపాటు సందులో వాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చారు. చౌడయ్య నిలబడి, జేబులోంచి బొమ్మ కాగితం తీసి చూపించి, మూడోసారి చెప్పాడు. ఆసుపత్రిలో తల ఊపానని కూడా చెప్పాడు. చెబుతున్నంతసేపూ జాన్‌బాబు పిడికిళ్ళు బిగుస్తున్నాయి. అమలమ్మ లోపలికెళ్ళి బత్తాయిల సంచి తెచ్చి, అతని కుర్చీ పక్కన పెట్టింది. పంచెలచాపు దాని మీద పెట్టింది.

"దించు సొలొమోనూ, ఆ సంచి" అన్నాడు ఇశ్రాయేలు. "ఏమీ అనుకోకు. మా నాన్న మూలమట్టం నాకివ్వు."

మూలమట్టం ఒళ్ళో పెట్టుకున్నాడు. కుడి అరచెయ్యి దాని మీద వేశాడు. ఇంకేదో అడగబోయినట్టు చౌడయ్య వైపు చూశాడు. ఆ మాట నోట్లోనే ఉండగా అతని కళ్ళు మూతపడ్డాయి. తల గోడకు ఆనింది. అంతమంది నిలబడి చూస్తుండగానే నిద్రపోయాడు. బొటనవేలు కదలడం లేదు.

జనం ఒక్కొక్కరే వెళ్ళారు. జాన్‌బాబు చౌడయ్య కళ్ళలోకి చూసి, ఉమ్మి, వెళ్ళాడు. చౌడయ్య ఎంతసేపు నిలబడ్డాడో అతనికే తెలియదు. మెయిన్ రోడ్డు మీద బస్సు హారను వినిపించింది. బత్తాయిల సంచి అందుకున్నాడు.

"వెళ్ళొస్తానమ్మా" అన్నాడు గొణిగినట్టు.

"ఎక్కడికండీ?" అంది అమలమ్మ. మొగుడి మీద దుప్పటి కప్పుతూ, తల ఎత్తకుండానే. "కూర్చోండి. లేచాక కలొచ్చిందనుకుంటాడు. మళ్ళీ చెప్పాలి మీరు."

రోడ్డు మీద బస్సు ఆగింది. ఆగి, కదిలిన చప్పుడైంది. చౌడయ్య సంచి కింద పెట్టి, కుర్చీలో కూర్చుని, ఇశ్రాయేలు ఎప్పుడు కళ్ళు తెరుస్తాడోనని అతని రెప్పల వైపే చూస్తూ ఉండిపోయాడు.